ఏజెంటు ఎవరి మనిషి?

ముందుగా మా పెద్దయ్య భూమి కేసు గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

మా కొండదొర గూడెం కొండ దిగువన, మైదానానికి దగ్గరగా ఉంటుంది. పెద్దయ్యకి రెండున్నర ఎకరాల జీడితోట ఉండేది. చాలా ఏళ్ల కిందట కూతురి జబ్బుకి అప్పు చేసి, ఆ అప్పు కింద తోట ఫలసాయం ఒక గిరిజనేతర వ్యాపారికి వదిలాడు. మొదట పోయింది ఫలసాయమే. తర్వాత తోటే పోయింది. గూడెంలో చదువుకున్న కుర్రాళ్లు కొందరు వన్ ఆఫ్ సెవెంటీ చట్టం గురించి చెప్పి పెద్దయ్య చేత కేసు వేయించారు. రెండేళ్లు తిరిగాక కేసు కొట్టేశారు. ఆ ఉత్తర్వు చివర ఒక వాక్యం ఉంది: ఈ ఉత్తర్వు మీద అభ్యంతరం ఉంటే ఫలానా గడువులోగా ఏజెంటు వద్ద అప్పీలు చేసుకోవచ్చు.

ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. జిరాక్సు షాపులో ఉన్న అబ్బాయి దాన్ని చదివి, "తాతా, ఏజెంటు దగ్గర అప్పీలు చేసుకోవాలంట" అని చెప్పాడు. పెద్దయ్య ఆ కాగితం మడిచి దూలంలో దోపి ఊరుకున్నాడు. నేను అప్పుడు వేరే మండలంలో పనిచేస్తున్నాను. ఇటుకల పండగకి ఇంటికి వెళ్లినప్పుడు కేసు ఏమైందని అడిగాను. అప్పటికే గడువు దాటి నెలలైంది.

"అప్పీలుకి ఎందుకు ఎల్లలేదు పెద్దయ్యా?" అన్నాను.

"ఏజెంటు దగ్గరికి ఎల్లమన్నార్రా నాయనా. నా తోట తినేసినోడే సంతలో జీడిపిక్కల ఏజెంటు. ఆడి దగ్గరికే ఎల్లి ఏటని బతిమాలుకుంటాను?"

నాకు నోట మాట రాలేదు. మా సంతలో జీడిపిక్కలు, చింతపండు, పసుపు కొనే షావుకారి మనుషుల్ని ఏజెంట్లనే అంటారు. పెద్దయ్య డెబ్బై ఏళ్ల జీవితంలో ఆ మాటకి ఉన్న అర్థం అదొక్కటే. ఉత్తర్వులో ఉన్న ఏజెంటు జిల్లా కలెక్టరు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లలో నేనూ ఒకణ్ని. పాతికేళ్లకు దగ్గరగా పిల్లలకి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఆ మాట ఒక్కరోజు కూడా బోర్డు మీద రాయలేదు.

తర్వాత మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగాను: "ఏజెంటు అంటే ఎవరు?" బీమా ఏజెంటు అన్నారు కొందరు. ఎన్నికలప్పుడు బూత్‌లో కూర్చునే ఏజెంటు అన్నాడు ఒకడు. ఒక అమ్మాయి, "బస్సు టికెట్లు బుక్ చేసేవాళ్లు సార్" అంది. "మరి ఏజెన్సీ అంటే?" అన్నాను. "గ్యాస్ ఏజెన్సీ" అని ఒకడు, "మనమే కదా సార్" అని ఇంకొకడు. రెండు జవాబులకీ తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సిన విషయం కాదనిపించింది. మన ప్రాంతానికే ఏజెన్సీ అని పేరు. ఏజెంటు పాలనలో ఉండేది ఏజెన్సీ. పాలించే మనిషి పదవి పేరు మనం పుట్టిన నేల పేరయింది. అయినా ఆ మనిషి ఎవరో మన పిల్లలకి తెలియదు, మన పెద్దలకి తెలియదు.

మాట లోపల ఏముంది

పాలకుల పదవుల పేర్లు మనం రోజూ వాడతాం, వాటి లోపల ఏముందో చూడం. కలెక్టరు అంటే వసూలు చేసేవాడు. ఈస్టిండియా కంపెనీ కాలంలో శిస్తు వసూలు కోసం పుట్టిన పదవి అది. తహసీల్దారు మాటలోని తహసీలు అన్నా వసూలే. ఒకటి ఇంగ్లీషు, ఒకటి పారశీకం ద్వారా వచ్చిన మాట. రెండింటి అర్థం ఒకటే: మన దగ్గర్నుంచి తీసుకుపోయేవాడు. 1985లో మండలాలు వచ్చినప్పుడు మండల రెవెన్యూ అధికారి అని పేరు మార్చారు. కొన్నాళ్లకి మళ్లీ తహసీల్దారే వచ్చాడు. కలెక్టరుని కొన్ని పత్రికలు జిల్లా పాలనాధికారి అని రాస్తున్నాయి. జనం నోట మాత్రం కలెక్టరే.

ఏజెంటు మాట వీటన్నిటికన్నా వేరు. కలెక్టరు, తహసీల్దారు అన్న పేర్లు ఆ మనిషి చేసే పనిని చెబుతాయి. ఏజెంటు అన్న పేరు పనిని చెప్పదు, ఆయన ఎవరి తరఫు మనిషో చెబుతుంది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంటుకి నిర్వచనం ఇచ్చింది. దాని సారం ఇది: ఇంకొకరి తరఫున ఒక పని చేయడానికి గాని, మూడోవాళ్లతో జరిగే వ్యవహారాల్లో ఇంకొకరికి బదులు నిలబడడానికి గాని పెట్టుకున్న మనిషి ఏజెంటు. ఎవరికి బదులు నిలబడతాడో ఆయన్ని చట్టం ప్రిన్సిపల్ అంటుంది. మన గురుకులాల ప్రిన్సిపల్ కాదు, అసలు మనిషి అని అర్థం. అంటే ఏజెంటు ఉన్నచోట ముగ్గురుంటారు. అసలు మనిషి ఒకరు, ఆయన ఏజెంటు ఒకరు, ఏజెంటు వచ్చి వ్యవహారం జరిపే మూడోవాళ్లు ఇంకొకరు.

ఇది వ్యాపార చట్టంలోని నిర్వచనమే. కలెక్టరు పదవికి దీన్ని అక్షరాలా అన్వయించలేం. కానీ ఈ మాట వంపు ఎటు ఉందో దీనివల్ల తెలుస్తుంది. "ఏజెంట్ టు గవర్నమెంట్" అన్నప్పుడు అసలు మనిషి ప్రభుత్వం. ఏజెంటు కలెక్టరు. మరి మూడోవాళ్లు ఎవరు? మనమే. మన కొండల్లో, మన పేరు మీద నడిచే పాలనలో మనం మూడోవాళ్లం. ఈ మాట మీద నా మొదటి అభ్యంతరం ఇదే.

ఎక్కడినుంచి వచ్చింది

ఆ కాలంలో ఈ మాట ఇక్కడొక్కచోటే లేదు. సంస్థానాల్లో రాజుల పక్కన కంపెనీ పెట్టిన మనుషుల్ని రెసిడెంట్లు, పొలిటికల్ ఏజెంట్లు అనేవారు. పరాయి రాజ్యంతో వ్యవహారం నడపడానికి పంపే మనిషి పేరు అది. ఆ పేరునే మన కొండలకీ తెచ్చారు. మనల్ని తమ రాజ్యంలో జనంగా కాక, బయటినుంచి అదుపులో పెట్టాల్సినవాళ్లుగా చూశారని ఆ పేరే సాక్ష్యం చెబుతోంది.

1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో పర్లాకిమిడి, పాలకొండ, ఘుమ్సూరు వైపు తిరుగుబాట్లు వరసగా లేచాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం రస్సెల్ అనే అధికారిని పంపింది. మామూలు కోర్టులు, మామూలు పోలీసు ఈ కొండల్లో పనికిరావని ఆయన చెప్పిన సలహా మీద 1839లో 24వ చట్టం వచ్చింది. ఆ రెండు జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి, సివిలు, క్రిమినలు న్యాయాధికారం కలెక్టర్ల చేతిలో పెట్టారు. ఆ అధికారం నడిపేటప్పుడు కలెక్టరుకి ఇచ్చిన పేరు: సెయింట్ జార్జి కోట గవర్నరుకి ఏజెంటు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. శిస్తు వసూలు చేసేవాడు, పోలీసుని నడిపేవాడు, తగవు తీర్చేవాడు ఒక్కడే అయ్యాడు. మైదానంలో కలెక్టరు మీద ఫిర్యాదు ఉంటే వెళ్లడానికి వేరే కోర్టు ఉండేది. కొండ మీద కలెక్టరు చేసిన పని మీద తగవుకి కూడా ఏజెంటు దగ్గరికే వెళ్లాలి. ఆ ఏజెంటూ కలెక్టరే. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చి ఈ పద్ధతిని ఇంకా గట్టిపరిచింది. సివిలు దావాలు ఎలా నడపాలో చెప్పడానికి 1924లో ఏజెన్సీ నియమాలు చేశారు. అందులోనూ దావా వినేది రెవెన్యూ అధికారులే.

ఏజెంటు కింద ముఠాదార్లు ఉండేవారు. సనదు తీసుకుని, ఏటా కట్టుబడి కట్టి, తమ ముఠాలోని ఊళ్లనుంచి వసూళ్లు చేసి, శాంతిభద్రతలకి పూచీ పడేవాళ్లు. వాళ్లలో మన వాళ్లే ఎక్కువ. కొందరు జనాన్ని పీడించారు, కొందరు జనంతో కలిసి తిరగబడ్డారు. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు వెనక మన్సబ్‌దారు దోపిడీ, కల్లు మీద వేసిన పన్ను ఉన్నాయి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజుతో కలిసి నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర మన గూడెం కొండల మనుషులు. రోడ్డు పనుల్లో వెట్టి, అడవి మీద ఆంక్షలు, కింది అధికారుల దౌర్జన్యం వాళ్లని తిరగబడేలా చేశాయి. జైలు శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఏజెంటు పాలన మీద తిరగబడ్డ మనిషి స్వతంత్ర దేశంలో సభ్యుడయ్యాడు. సభ్యుడు అన్న మాటలో మూడోవాళ్లు లేరు. అందరం కలిసి ఒకణ్ని పంపితే వాడు సభ్యుడు. ఏజెంటుని పైనుంచి పంపుతారు, సభ్యుణ్ని కిందినుంచి పంపుతారు. పిల్లలకి ఈ ఒక్క తేడా చెబితే సగం పౌరశాస్త్రం చెప్పినట్టే.

పేర్లు మారాయి, ఈ పేరు మిగిలింది

మన ప్రాంతానికి పైవాళ్లు పెట్టిన పేర్లు చాలాసార్లు మారాయి. 1874లో షెడ్యూల్డు జిల్లాలు. 1919 చట్టంలో వెనకబడ్డ ప్రాంతాలు. 1935 చట్టంలో మినహాయించిన, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలు. పాలించే మనిషి పేరు మాత్రం మారలేదు. గవర్నరుకి ఏజెంటు కాస్తా ప్రభుత్వానికి ఏజెంటు అయ్యాడు, అంతే. ముఠాదారీ పద్ధతిని 1969లో రెగ్యులేషను ద్వారా రద్దు చేశారు. ముఠాదారు పోయాడు, ఏజెంటు ఉండిపోయాడు.

తెలంగాణ మిత్రులకి ఈ మాట తర్వాత పరిచయమైంది. నిజాం కాలంలో ఆదిలాబాదు, వరంగల్లు వైపు జిల్లా అధికారిని అవ్వల్ తాలూక్‌దారు అనేవారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఆ పాలన మీద పోరాడుతూనే. ఆంధ్ర ప్రాంతం కోసం 1959లో చేసిన భూబదలాయింపు రెగ్యులేషను 1963లో తెలంగాణకి విస్తరించింది. భూమి కేసుల్లో ఏజెంటు అన్న హోదా దానితోపాటే అక్కడికీ వెళ్లింది.

ఇక మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం దగ్గరికి వద్దాం. మన తరం చదువుకున్న యువకులు ఇందులో ఏజెంటు ఎక్కడున్నాడో గమనించాలి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల మీద ఒక చట్టం చేసింది. కొండజాతి మనిషి తన భూమిని ఇంకో కొండజాతి మనిషికే ఇవ్వాలి, లేదా ఏజెంటు ముందుగా రాతపూర్వకంగా సమ్మతిస్తే బయటివాళ్లకి ఇవ్వొచ్చు అంది. చదవగానే రక్షణలాగే ఉంటుంది. కానీ తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఏజెంటు చేతిలో పెట్టింది. భూమి మనది, సమ్మతి ఆయనది. 1959 రెగ్యులేషనులో కూడా ముందస్తు సమ్మతి అనే ఆ సందు ఉండిపోయింది. 1970లో సవరణ వచ్చి ఆ సందు మూసింది. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి బదలాయింపు షెడ్యూల్డు తెగల వారికి గాని, పూర్తిగా వాళ్లే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకి గాని తప్ప ఎవరికీ చెల్లదంది. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచే వెళ్లిందని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకునే భారం వాళ్లదేనని చెప్పింది.

ఆ చట్టం బలమంతా ఎక్కడుందో చూడండి. ఏజెంటు సమ్మతి అన్న మాట తీసేసిన చోట ఉంది. ఏజెంటు అధికారం పెంచి మన భూమిని కాపాడలేదు. మన భూమిని బయటివాళ్లకి ఇవ్వడానికి సమ్మతించే అధికారం ఆయన చేతిలోంచి తీసేసి కాపాడింది. చెల్లని బదలాయింపుని చెల్లదని ప్రకటించి భూమి తిరిగి ఇప్పించే పని మాత్రం అధికారుల చేతిలోనే ఉంది. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టు నుంచి అప్పీలు వెళ్లేది ఏజెంటు దగ్గరికే. అందుకే ఆ మాట తెలియకపోతే, మా పెద్దయ్యకి జరిగినట్టు, ఎంత బలమైన చట్టమైనా దూలంలో దోపిన కాగితమే అవుతుంది.

మనం ఎలా వాడుతున్నాం

పైవాళ్లని విమర్శించి ఊరుకోవడం న్యాయం కాదు. మన రాతల్ని కూడా చూసుకోవాలి.

పత్రికల్లో ఏజెన్సీ అన్న మాట ఎప్పుడెప్పుడు కనిపిస్తుంది? వానాకాలంలో "ఏజెన్సీలో జ్వరాలు". చలికాలంలో "వణుకుతున్న ఏజెన్సీ". ఇక డోలీ మోత, గంజాయి, కాల్పులు. ఏడాదంతా చదివినవాడికి ఏజెన్సీ అంటే రోగం, చలి, నేరం. ఇది పత్రికల తప్పు అంటాం. కానీ మన కథల్లో, కవితల్లో, మన సంఘాల కరపత్రాల్లో కూడా "ఏజెన్సీ బిడ్డలం" అని రాసుకుంటున్నాం. నేనూ రాశాను. ఏజెన్సీ బిడ్డలం అంటే ఏజెంటు పాలనలో ఉన్న బిడ్డలం అని అర్థం వస్తుందని రాసేటప్పుడు తట్టలేదు.

మన్యం అన్న మాట ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పార్వతీపురం మన్యం అని అధికారికంగానే పేరు పెట్టారు. అది కొండసీమకి ఉన్న పాత తెలుగు పేరు. అయితే మన పిల్లలు చాలామంది దాన్ని మాన్యం అని దీర్ఘం పెట్టి రాస్తారు. మాన్యం అంటే దొరలో, ప్రభువులో పన్ను లేకుండా దయతో ఇచ్చిన భూమి. మన్యం ఎవరి దయవల్లా వచ్చింది కాదు. ఒక్క దీర్ఘంతో మన నేల ఇంకొకరి దానమైపోతోంది. తెలుగు చెప్పే మిత్రులు ఈ తప్పుని ఎర్రసిరాతో దిద్ది వదిలేయకుండా ఒక పీరియడు దాని మీద మాట్లాడితే బాగుంటుంది.

దొర మాట సంగతి ఇంకా విచిత్రం. మేం కొండదొరలం. గోదావరి వైపు అన్నదమ్ముల్ని కోయదొరలు అంటారు. మన పేర్లలోనే దొర ఉంది. అయినా ఆఫీసుకి వెళ్తే కుర్చీలో ఉన్నవాణ్ని దొరగారూ అని మనమే పిలుస్తాం. మా చిన్నప్పుడు జీపు కనిపిస్తే దొర వచ్చాడని పిల్లలం చెట్ల చాటుకి పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు జీపు బదులు కారు, దొర బదులు సార్. అడిగే గొంతు మాత్రం అలాగే సన్నగా ఉంది.

ఇంకో సంగతి. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పేరులో సంస్థ అన్న చోట ఇంగ్లీషులో ఉన్నది ఏజెన్సీ అనే మాటే. అక్కడ తెలుగు చేసేటప్పుడు సంస్థ అన్నారు, ఏజెంటుని మాత్రం తెలుగు చేయకుండా వదిలేశారు. మాట అర్థమైతే ప్రశ్న పుడుతుందని కావాలనే వదిలేశారని నేననను. ఎవరూ పట్టించుకోలేదు, అంతే. కానీ ఎవరూ పట్టించుకోని మాటల మూల్యం చదువురాని వాళ్లే చెల్లిస్తారు.

ఒక పెద్ద మాస్టారి అభ్యంతరం

ఈ వ్యాసం చిత్తుప్రతి మా ప్రాంతపు పెద్ద మాస్టారొకరికి చూపించాను. ఆయన భూమి కేసుల్లో చాలామందికి అర్జీలు రాసిపెట్టిన మనిషి. చదివి ఇలా అన్నారు: "తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ ఏజెంటు మాట తీసేయమని మనమే అడిగితే, ఆ మాట మీద నిలబడ్డ చట్టాలు కూడా పాతబడ్డాయి, తీసేద్దాం అంటారు. ఏజెన్సీ అన్న హద్దు ఉండబట్టే ఇంకా ఈ మాత్రం భూమి మన చేతిలో ఉంది. పేరు కోసం పోయి గోడ పడగొట్టుకోకు. పైగా మామూలు సివిలు కోర్టుల్లో మనవాళ్లు ప్లీడర్ల ఫీజులకే అమ్ముడుపోతారు. మంచి మనిషి కుర్చీలో ఉంటే ఏజెంటు కోర్టే మనకి నయం."

ఆయన మాటలో నిజం ఉంది. బయటివాళ్ల రాకని అడ్డుకునే గోడ, మనల్ని లోపల మూసిపెట్టే గోడ రెండూ ఒకటే అయిన చోట, గోడ గురించి తొందరపడి మాట్లాడకూడదు. కాబట్టి చట్టంలోంచి ఆ మాట తీసేయాలని నేను అడగడం లేదు. అయితే "మంచి మనిషి ఉంటే" అన్న దగ్గర మాస్టారితో నాకు పేచీ ఉంది. మంచి ఏజెంటు వస్తే మేలు, చెడ్డ ఏజెంటు వస్తే కీడు అన్నది 1839 నాటి ఆలోచనే. మన బతుకు వచ్చే మనిషి గుణం మీద ఆధారపడినంత కాలం మనం మూడోవాళ్లమే.

మాటలో ఏముంది, పనిలో ఉంది గాని అనేవాళ్లకి ఒక ఉదాహరణ చెబుతాను. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. అక్కడ తేలాల్సిన ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి ఒక్క మాట అర్థం గురించే. 1970 సవరణలోని సెక్షనులో ఉన్న "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందా, రాదా? 1997 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు వస్తుందన్నారు. అంటే షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రభుత్వం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు. ఒక్క మాటకి సరైన అర్థం చెప్పడంతో లీజులు చెల్లకుండా పోయాయి. మాటలో ఏముందో బొర్రా ఊళ్లవాళ్లని అడగండి.

అసలు మనిషి ఎవరు?

ఏజెంటు అన్న మాట ఉండనీ. ఆయన వెనక ఉన్న అసలు మనిషి ఎవరన్నదే మనం తేల్చాల్సింది.

1839లో అసలు మనిషి సెయింట్ జార్జి కోట గవర్నరు. ఆయన వెనక కంపెనీ. ఇప్పుడు అసలు మనిషి రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వం వెనక ఎవరు? రాజ్యాంగం మొదటి మాటే జవాబు చెబుతోంది: భారత ప్రజలమైన మేము. ఆ "మేము"లో మనం ఉన్నాం. మనం ఉన్నాం కాబట్టి ఏజెంటుకి మనం మూడోవాళ్లం కాదు, ఆయన్ని పెట్టుకున్న అసలు మనుషుల్లో ఒకళ్లం. ఇది నేను కల్పించిన తర్కం కాదు. 1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం దీన్నే ఇంకో రకంగా చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో తన సంప్రదాయాన్ని, వనరుల్ని, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకి ఉందంది. భూమి పరాధీనం కాకుండా అడ్డుకోవడానికి, అక్రమంగా పోయిన భూమిని తిరిగి ఇప్పించడానికి గ్రామసభకి, పంచాయతీలకి అధికారం ఉండేలా రాష్ట్రాలు చూడాలంది. మన రాష్ట్రంలో చట్టం 1998లో, నియమాలు 2011లో వచ్చాయి.

1917లో ఏజెంటు సమ్మతి. 1970లో ఆ సమ్మతి పోయింది. 1996లో గ్రామసభకి మాట వచ్చింది. దారి సరైన దిక్కుకే ఉంది, నడక ఆగిపోయింది. గ్రామసభ అంటే కాగితం మీద వేలిముద్రలు తీసుకుపోయే సభగానే చాలా ఊళ్లలో మిగిలింది. పీసా ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఎవరో ఊళ్లో సగం మందికి తెలియదు. అధికారి వచ్చి సభ పెట్టి వెళ్తే అది ఆయన సభ. మనం కూర్చుని ఆయన్ని పిలిస్తే అది మన సభ. ఆ తేడా చట్టం తీసుకురాలేదు, మనమే తేవాలి.

ఉపాధ్యాయ మిత్రులకి నాదొక సూచన. మీ తరగతి పిల్లల్ని ఇంట్లో ఉన్న ప్రభుత్వ కాగితాలన్నీ ఒకసారి తెచ్చుకోమనండి. పట్టా, అటవీ హక్కు పత్రం, కోర్టు నోటీసు, ఏదైనా సరే. జిరాక్సులైతే చాలు. ఒక్కో కాగితం కింద సంతకం పెట్టిన అధికారి హోదా బోర్డు మీద రాయండి. ప్రతి హోదా పక్కన నాలుగు ప్రశ్నలు రాయండి. ఈ మాటకి అర్థం ఏమిటి? ఈయన్ని ఎవరు నియమిస్తారు? ఈయన ఎవరికి జవాబు చెప్పాలి? ఈయన ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి? మా బడిలో ఇది చేసి చూశాను. మొదటిరోజు సగం ప్రశ్నలకి నాకే జవాబు రాలేదు. పిల్లలే మండల ఆఫీసుకి వెళ్లి అడిగి రాసుకొచ్చారు. వాళ్లు అక్కడ ఎవర్నీ దొరగారూ అనలేదట.

రాసే యువకులకి ఒక మాట. కథలో ఏజెన్సీ అని రాయాల్సి వస్తే రాయండి. ఆ పేరు ఎవరిచ్చారో తెలిసి రాయండి. చట్టం గురించి రాసేటప్పుడు ఏజెంటు అని ఊరికే వదలకుండా, "ఏజెంటు, అంటే భూమి కేసులు వినే హోదాలో ఉన్న కలెక్టరు" అని ఒక్కసారి విప్పి చెప్పండి. చదివినవాడు ఇంటికి వెళ్లి చదువురాని పెద్దలకి ఆ ముక్కే చెబుతాడు. మీ గూడెం భాషలో ఆ హోదాకి ఒక మాట దొరికితే ఇంకా మంచిది. కువిలో, కోయలో, గోండిలో, ఆదివాసీ ఒడియాలో ఏం అనవచ్చో వెతకండి. మా గూడెంలో ఇప్పుడు "తగవు వినే కలెక్టరు" అంటున్నారు. వినడానికి మోటుగా ఉన్నా, జీడిపిక్కల ఏజెంటుతో కలిసిపోదు.

ఆలస్యం ఎందుకైందో వివరంగా రాసి పెద్దయ్య చేత అప్పీలు వేయించాం. దాన్ని తీసుకున్నారు, వాయిదాలు నడుస్తున్నాయి. మొన్న వాయిదాకి నేను తోడు వెళ్లాను. హాల్లో పిలుపు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాం. లోపల కుర్చీలో ఉన్నాయన వైపు చూసి పెద్దయ్య నా చెవిలో అడిగాడు:

"ఈయనేనా ఏజెంటు?"

"ఈయనే పెద్దయ్యా."

"ఎవరి ఏజెంటురా?"

పిలుపు వచ్చింది. జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఆ జవాబే ఇక్కడ రాశాను.